స్టీల్ గ్లాసులో షెర్లాక్ హోమ్స్



ఇది నోటిఫికేషన్ల గురించి కాదు. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మేము ముగ్గురం. ఒకరిది పాడేరు వైపు, ఒకరిది చింతూరు, ఒకరిది సీతంపేట. డిగ్రీ హాస్టల్లో కలిశాం. ఇప్పుడు విశాఖలో ఒకే గదిలో ఉండి డీఎస్సీకి చదువుతున్నాం. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లోనే పెరిగాం. మా బళ్లలో లైబ్రరీ అంటే తాళం వేసిన బీరువా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పేరు కూడా డిగ్రీకి వచ్చాకే విన్నాం. కథల పుస్తకం పట్టుకుని నిద్ర మానుకున్న బాల్యం మాకు లేదు. ఆ ముచ్చట ఇరవై ఆరేళ్లకు తీరింది, అదీ చెవులతో.

ఇంగ్లీషు వినడం అలవాటు చేసుకోమని కోచింగ్ సారు చెప్పారు. లిబ్రివాక్స్‌లో కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాల్ని వాలంటీర్లు చదివి ఉచితంగా పెడతారు. వైఫై దొరికిన చోట షెర్లాక్ హోమ్స్ కథలు డౌన్‌లోడ్ చేసుకున్నాం. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌ని స్టీల్ గ్లాసులో నిలబెడితే గదంతా వినపడుతుంది. మొదట్లో సగం కూడా అర్థమయ్యేది కాదు. వెనక్కి జరిపి మళ్లీ వినేవాళ్లం. కథ చిక్కుముడి పడ్డాక మాత్రం ఆపేసి, ఎవడు చేసుంటాడని అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్లం.

ఆశ్చర్యం ఏంటంటే, హోమ్స్ చేసే పని మాకు కొత్తగా అనిపించలేదు. అతను బురదలో అడుగు చూసి మనిషి ఎత్తు చెప్తాడు. మా తాతలు జాడ చూసి ఏ జంతువు, ఎప్పుడు పోయింది, కుంటుతోందా అని చెప్పేవాళ్లు. 1892లో వచ్చిన ‘సిల్వర్ బ్లేజ్’ కథలో రాత్రిపూట గుర్రాన్ని ఎవరో తీసుకుపోతారు. కుక్క మొరగదు. అంటే వచ్చినవాడు కుక్కకి బాగా తెలిసినవాడే. హోమ్స్ ఆ మాట అనకముందే మా చింతూరు వాడు అనేశాడు. “మా ఊళ్లో చంటిపిల్ల కూడా చెప్తుంది రా” అని ఒకటే నవ్వు.

‘స్పెకిల్డ్ బ్యాండ్’ కథకి ఇంకా నవ్వాం. అందులో పాము పాలు తాగుతుంది, తాడు పట్టుకుని దిగుతుంది, ఈల వేస్తే వెనక్కి పోతుంది. కొండ మీద పెరిగినవాళ్లకు చెప్పాల్సిన కథేనా ఇది!

కానీ నవ్వు అక్కడితో ఆగింది. ఆ కథలో చచ్చిపోయే అమ్మాయి చివరగా ‘బ్యాండ్’ అంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకి పట్టీ అని అర్థం ఉంది, గుంపు అనీ ఉంది. ఇంటి పక్కనే జిప్సీలు గుడారాలు వేసుకుని ఉంటారు. అనుమానం ముందు వాళ్ల మీదికే పోతుంది. చివర్లో హోమ్స్, తాను తప్పుదారి పట్టానని స్వయంగా ఒప్పుకుంటాడు. అది విని ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.

ఎందుకంటే డిగ్రీ హాస్టల్లో ఒకసారి ఒకతని ఫోన్ పోయింది. అన్ని గదులుండగా ముందు మా ట్రంకు పెట్టెలే తెరిపించారు. అమ్మ పంపిన చోడి పిండి గచ్చు మీద పోయించారు. నాలుగు రోజులకి ఆ ఫోన్ అతని మేనమామ ఇంట్లో దొరికింది. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. మేమూ అడగలేదు. 1871లో తెల్లవాళ్లు కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేశారని మనం పరీక్షల కోసం బట్టీ పడతాం. మన ఎరుకల వాళ్లను కూడా అందులో కలిపారు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు మాత్రం మా పెట్టెల దాకా వచ్చింది.

తర్వాత 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ పెట్టాం. అందులో టోంగా అని ఒక అండమాన్ ఆదివాసీ ఉంటాడు. హోమ్స్ ఒక లావుపాటి పుస్తకం తీసి చదువుతాడు: వీళ్లు వికారంగా ఉంటారట, క్రూరులట, మనుషుల్ని తింటారట. ఆధారం లేకుండా ఏదీ నమ్మనివాడు దీన్ని మాత్రం అడ్డు ప్రశ్న లేకుండా నమ్మేశాడు. టోంగా గొట్టంతో విషపు ముల్లు ఊదుతాడు. నిజానికి అండమాన్ వాళ్ల ఆయుధం విల్లు, బాణం. ఊదుడు గొట్టం వాళ్లది కాదు. వాళ్లు నరమాంసం తింటారన్నదానికీ రుజువు లేదు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టాక బయటి రోగాలకు గ్రేట్ అండమానీయులు వేల నుంచి పదుల్లోకి పడిపోయారు. చంపింది ఎవరు, చచ్చింది ఎవరు?

కథలో టోంగా జబ్బు చేసి చావబోతుంటే స్మాల్ అనే తెల్ల ఖైదీ కాపాడతాడు. ఆ కృతజ్ఞతతో టోంగా తన పడవలో అతన్ని జైలు దాటిస్తాడు. లండన్ తీసుకుపోయి స్మాల్ అతన్ని సంతల్లో ఆడించి డబ్బులు చేసుకుంటాడు. చివరికి థేమ్స్ నదిలో తుపాకులు పేలి టోంగా నీళ్లలో పోతాడు. స్మాల్‌కి తన గోడు చెప్పుకోవడానికి ఆఖరి అధ్యాయం మొత్తం దొరికింది. టోంగా నోట తన కథ ఎక్కడా వినపడదు.

1922–24 పితూరీలో పట్టుబడిన మన మన్యం వాళ్లలో కొందర్ని పంపింది ఆ అండమాన్‌కే. అది గుర్తొచ్చి మా పాడేరు వాడు ఆ రాత్రే ఫైల్ డిలీట్ చేశాడు. వారం తర్వాత వాడే మళ్లీ దించాడు. “నిందలు వేసినవాడి పుస్తకం కూడా వినాల్సిందే. వినకపోతే ఎక్కడ అబద్ధమాడాడో ఎట్లా పట్టుకుంటాం?” అన్నాడు. సీతంపేట వాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ కథలు వినండి. ఇంగ్లీషు వస్తుంది, బుర్ర పదునెక్కుతుంది. మన లాంటి మనిషి కథలోకి వచ్చినప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆపండి. ఇది చెప్తున్నదెవరు? ఆధారమేంటి? ఆ మనిషిని ఎవరైనా అడిగారా? హోమ్స్ దగ్గర నేర్చుకున్న విద్యే ఇది, హోమ్స్ మీద కూడా వాడొచ్చు.

ప్రస్తుతం ‘బాస్కర్‌విల్స్’ నాలుగో అధ్యాయంలో ఉన్నాం. చేసినవాడెవడో తెలిసినవాళ్లు దయచేసి చెప్పకండి.

జోహార్.