ఖాళీ గడిలో గీత

మొన్నటి సర్వసభ్య సమావేశంలో జరిగిన పొరపాటు మాదే. అది ఎట్లా జరిగిందో మీకు చెప్పాలని, లెక్కలు చూసే మేం ముగ్గురం కూర్చుని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మన హోసూరు సంఘం చందా పద్దు ఇన్నాళ్లూ నోటుపుస్తకంలోనే ఉండేది. ఈసారి దాన్ని కంప్యూటర్లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఎక్కించాం. వరుసకు ఒక సభ్యుడు: పేరు, 2022 చందా, 2023 చందా, 2024 చందా, మధ్యలో ఖాళీలు. అట్లా చూస్తే అంతా వంకరటింకర. లైనక్స్‌లో కాలమ్ అని ఒక కమాండ్ ఉంది, 1990 నాటి బర్క్‌లీ యూనిక్స్‌లో వచ్చిన పాత పనిముట్టు. దానికి 'టి' అనే గుర్తు తగిలిస్తే ప్రతి గడిలో అన్నిటికంటే పొడుగైనదేదో చూసుకుని, మిగతావాటికి ఖాళీలు నింపి, వరుసలన్నీ తిన్నగా నిలబెడుతుంది. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ ఉంటే రెండు గడులనుకుంటుందని ముందే కనిపెట్టి, చుక్క పెట్టి కలిపేశాం. అంతటితో మేం గట్టివాళ్లమే అనుకున్నాం.

మాకు తట్టనిది ఇంకోటి. విడిగా చెప్పకపోతే, ఒక ఖాళీ అయినా పది ఖాళీలైనా దానికి ఒకటే. 2023లో కట్టనివాళ్లకు ఆ చోటు మేం వట్టిగా వదిలాం. దాంతో వాళ్ల 2024 డబ్బు ఎడమకు జరిగి 2023 కింద కూర్చుంది. 2024 గడి ఖాళీ. జాబితా మాత్రం ఎంత నీటుగా ఉందో! నోటుపుస్తకంలో గీతలు వంకర పోయినా ఇట్లా ఎన్నడూ కాలేదు.

నిజానికి ఒక సూచన కనబడింది. 2024 మొత్తం 1500 రూపాయలు తగ్గింది. కానీ మూడేళ్లూ కలిపి కూడితే సరిపోయింది కదా అని వదిలేశాం. తగ్గింది ముగ్గురి చందా.

ఆ ముగ్గురిలో ఒక అవ్వ ఉంది. 2023 అంతా కూతురింట్లో మంచం పట్టి ఉండి కట్టలేదు, తిరిగొచ్చాక 2024ది మొదటి నెలలోనే కట్టింది. బాకీదారులకు ఓటు లేదు కాబట్టి మేం మైకులో పేర్లు చదివాం, ఆమె పేరు కూడా. ఆమె ఏమీ అనలేదు. సంచిలోంచి రసీదు తీసి మడత విప్పి బల్ల మీద పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే మాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఇప్పుడు గడుల మధ్య నిలువు గీత పెడుతున్నాం, 'ఎస్' గుర్తుతో ఆ గీతే హద్దని కమాండ్‌కు చెబుతున్నాం. కట్టని చోట వట్టిగా వదలకుండా అడ్డగీత గీస్తున్నాం. ఏడాది మొత్తాన్ని క్యాష్ బుక్‌తో పోల్చకుండా జాబితా బయటికి రాదు.

తెలుగు పేర్లతో ఇంకో తిప్పలుంది. లక్ష్మి అని రాస్తే మన కంటికి రెండక్షరాలే, యంత్రానికి ల, క, ష, మ అని నాలుగు గడులు. ఒత్తులున్న పేరు పక్కన అంకెలు వరుస తప్పుతాయి. ఇంగ్లీషులో రాస్తే సరిపోతుందని ఒకరన్నారు. మేం ఒప్పుకోలేదు. 2006 తమిళ అభ్యాస చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే మన పిల్లలు తగ్గిపోతున్నారు, తమ ఇంటిపేరు తెలుగులో కనబడేది కొందరికి ఈ జాబితాలోనే. అందుకని పేరును చివరికి జరిపాం. ముందు సభ్యత్వ నంబరు, తర్వాత మూడేళ్ల అంకెలు, ఆఖర్న పేరు. దాని తర్వాత ఏమీ లేదు కాబట్టి ఎంత పొడుగున్నా ఇబ్బంది లేదు.

కొత్త జాబితా ఆఫీసు గోడకు అంటించాం. మొన్న అవ్వ వచ్చి వేలు పెట్టి వెతుక్కుంది. "పేరు కడాకు తోసేసినారే నాయినా" అంది. ఎందుకో చెప్పాం. ఆమె విన్నది, కానీ చూపు మాత్రం 2024 కింది 500 మీదే ఉంది.