‘నీ ఇష్టం’ అంటే అంత తేలికా?

ఇదిగో, మిమ్మల్నే! ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి మరీ రండి, ఇది రెండు నిమిషాల్లో తెమిలే కబురు కాదు. నేనూ ఊరికే నిలబడను లెండి. గోరుచిక్కుళ్ళు తెచ్చుకున్నాను, ఈనెలు తీసుకుంటూ చెబుతాను. అన్నట్టు, పొద్దున మీ గుమ్మం ముందు తెల్ల కారు ఆగింది, ఎవరండీ? సరే సరే, చెప్పకపోతే మానెయ్యండి. సాయంత్రానికి మీరే చెబుతారు, నాకు తెలుసు.

నా మోకాలి భాగోతం మీకు కొత్త కాదుగా. మెట్లు దిగేటప్పుడు నేను పెట్టే మూలుగు మీ వంటింట్లోకి వినబడుతుందని మీరే అన్నారు. మొన్న ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీశారు. ఆ డాక్టరు కుర్రాడు మా పెద్దాడి కంటే చిన్నవాడే. కంప్యూటర్లో నా ఎముకల బొమ్మ పెట్టి, “ఇక్కడ గుజ్జు ఉండాలమ్మా. అరిగిపోయింది. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి” అన్నాడు. ఎంత చక్కగా చూపించాడో! అరవై ఏళ్ళ బట్టి నా ఒంట్లో ఉన్న మోకాలు, దాని మొహం నేను చూడ్డం అదే మొదలు.

“ఆపరేషన్ చేయించుకుంటే తగ్గిపోతుందా బాబూ?” అన్నాను. “ఎక్కువమందికి బాగుంటుందమ్మా” అన్నాడు. “ఆ ఎక్కువమందిలో నేనుంటానా?” అన్నాను. కుర్రాడు నవ్వేశాడు. “అది ముందే చెప్పలేమమ్మా. చేయించుకోకపోయినా కొన్నాళ్ళు మందులతో నెట్టుకు రావచ్చు. ఆపైన మీ ఇష్టం” అన్నాడు.

చూశారా! అంత పెద్ద మిషన్లు, అంత చదువు, లోపలి ఎముకని బయటికి తీసి చూపించిన సైన్సు, అసలైన చోటికొచ్చేసరికి బంతిని నా ఒళ్ళో పడేసి చేతులు దులుపుకుంది.

సరే, ఇంటికొచ్చి మావారిని అడిగాను. ఏమన్నారో ఊహించండి. “నీ ఇష్టం.” మీకు తెలుసు కదా, ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి స్వేచ్ఛ గురించి పాఠాలు చెప్పిన మనిషి. ఇంట్లో మాత్రం వంకాయ వండనా, దొండకాయ వండనా అంటే “నీ ఇష్టం”. తీరా కంచం ముందు కూర్చున్నాక “ఓహో, ఇవాళ దొండకాయా?” అని ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పుకి ఎంత ఖరీదో పెళ్ళయినవాళ్ళకే తెలుస్తుంది. మీ ఇంట్లోనూ అంతేనా? పోన్లెండి, మొహమాటపడకండి.

ఆ రోజు మాత్రం నేను వదల్లేదు. “నీ ఇష్టం అనడానికి మీరెందుకు, ఆ డాక్టరే అన్నాడు” అని గట్టిగా అన్నాను. దాంతో కాస్త సిగ్గుపడి, అటక మీంచి పాత పుస్తకాలు దింపి, సాయంత్రం కాఫీ తాగుతూ నాకో డెన్మార్క్ ఆయన కథ చెప్పారు. మోకాలికి మందేమో గానీ, కథ మాత్రం భలే ఉందండీ.

కీర్కెగార్డ్ అని, కోపెన్‌హాగెన్ ఊళ్ళో 1813లో పుట్టాడు. తండ్రి ఊలు బట్టల వ్యాపారం చేసి బోలెడు సంపాదించి పెట్టాడు కాబట్టి కొడుక్కి ఉద్యోగం సద్యోగం చేసే అవసరం లేకపోయింది. రోజూ వీధుల్లో తిరగడం, కనపడ్డవాళ్ళందరితో కబుర్లు, రాత్రంతా రాతలు. మన వీధిలో ఉంటే మీరూ నేనూ కలిసి ఎన్ని మాటలనేవాళ్ళమో! ఇంక ఆయన కాఫీ తాగే పద్ధతి వినండి. కప్పు అంచు దాటేలా పంచదార గుట్టగా పోసి, దాని మీద చిక్కటి నల్ల కాఫీ పోసి కరిగించుకుని తాగేవాడట. ఇంట్లో యాభై దాకా కప్పులూ సాసర్లూ, ఏ జతకా జత వేరేనట. రాతకోతల్లో సాయానికి వచ్చే ఆయన అందులోంచి ఒక కప్పు ఎంచుకోవాలి. ఎంచుకుంటే సరిపోదు, అదే ఎందుకు ఎంచుకున్నాడో కారణం చెప్పాలి! మావారికి ఇలాంటి యజమాని తగిలుంటే ముప్ఫై ఏళ్ళ క్రితమే దారిలో పడేవారు.

ఆ మనిషికి రెగీనా ఓల్సెన్ అని చక్కటి పిల్లతో 1840లో నిశ్చితార్థం అయింది. ఏడాది తిరిగేసరికి ఉంగరం వెనక్కి పంపించేశాడు. ఎందుకయ్యా అంటే పుస్తకాల నిండా రాశాడు గానీ, ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు. ఆ పిల్ల ఏడ్చింది, తండ్రి బతిమాలాడు, వినలేదు. 1847లో ఆవిడ ఇంకొకాయన్ని చేసుకుంది. ఈయన ఊరుకున్నాడా? రెండేళ్ళు పోయాక ఆవిడకి ఉత్తరం రాసి, ఆవిడ భర్తకి పంపాడు! ఆ పెద్దమనిషి విప్పకుండానే తిప్పి పంపించాడు. మర్యాదస్తుడు. 1855లో పోతూ పోతూ తనకున్నదంతా రెగీనాకే రాశాడు. ఆ రోజు చేసిన నిశ్చితార్థం తన దృష్టిలో పెళ్ళితో సమానమేనట. ఆవిడ ఆస్తి వద్దంది. ఉత్తరాలూ, ఏవో కాసిని గుర్తులూ చాలంది. పెళ్ళి వద్దన్నదీ తనే, జన్మంతా మోసిందీ తనే. ఏమంటాం చెప్పండి.

ఇందులో నాకు బాగా పట్టిన ముక్క ఇంకోటుంది. ఆ ఉంగరం తిప్పి పంపిన 1841లోనే ఆయన యూనివర్సిటీకి సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. అప్పుడు అక్కడ రెక్టరు ఎవరనుకున్నారు? ఓర్‌స్టెడ్. తీగలో కరెంటు పోనిస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరుగుతుందని 1820లో లోకానికి చూపించిన మహానుభావుడు. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోందంటే ఆయన చలవ కూడా ఉంది. ఆ రాతలోని ధోరణి ఆయనకి అస్సలు నచ్చలేదట, అయినా పాస్ చేయించాడు.

రాత్రి పడుకుని అదే ఆలోచించాను. ముల్లుకేం బాధ? కరెంటు వస్తే తిరుగుతుంది, ఆగితే మళ్ళీ ఉత్తరానికి చూస్తుంది. తిరగనా మాననా అని తెల్లారే దాకా దొర్లదు. పొరుగింటావిణ్ణి అడగదు. సైన్సుకి అందుకే అది అంత బాగా లొంగింది. అదే ఊళ్ళో ఉన్న ఆ పిల్లాడు ఉంగరం ఎందుకు తిప్పి పంపాడో మాత్రం ఏ ముల్లూ చూపించలేకపోయింది. సైన్సుని తక్కువ చేస్తున్నానని అనుకునేరు! అది లేకపోతే నా మోకాలికి వేపనూనె రాసుకుంటూ కూర్చునేదాన్ని. నొప్పి ఎందుకొస్తోందో అది చెప్పింది, చాలు. ఆ నొప్పితో ఎలా బతకాలో కూడా చెప్పమంటే దానిదా తప్పు?

1844లో కీర్కెగార్డ్ ఆందోళన మీద ఒక పుస్తకం రాశాడట. లోయలోకి తొంగి చూసినప్పుడు కళ్ళు తిరుగుతాయే, స్వేచ్ఛ ముందు కలిగే ఆందోళన కూడా అలాంటిదే అంటాడట. మావారు ఆ మాట చెప్పగానే నాకు మా అమ్మమ్మగారి నుయ్యి గుర్తొచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో, అమ్మమ్మ ఒళ్ళు రుద్దుకుంటూ పగడపుటుంగరం నా చేతికిచ్చింది. నేను గట్టు మీద మోచేతులానించి లోపలికి చూస్తూ, ఉంగరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నీళ్ళ మీదికి చాపాను. జారిపోతుందని భయం కాదండీ. “వదిలేస్తే?” అనిపించింది. నన్ను ఆపేవాళ్ళు లేరు. ఆ రెండు వేళ్ళూ నావే. ఒళ్ళు ఝల్లుమంది. ఉంగరం గుప్పిట్లో బిగించి పరిగెత్తాను. అమ్మమ్మకి ఇప్పటికీ తెలియదు. పాపం, ఇంక తెలిసే వీలూ లేదు.

అక్కణ్ణించి పారిస్ వెళ్ళాం, అదే, కబుర్లలో. సార్త్రే పేరు మీరు వినే ఉంటారు. ఆయనా, సిమోన్ ద బోవా అనే ఆవిడా 1929లో ఫిలాసఫీ పరీక్ష కలిసి రాస్తే ఆయన మొదటివాడు, ఆవిడ రెండోది. ఆయన అంతకుముందు ఏడాది తప్పాడు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. పెళ్ళి చేసుకోలేదు, ఆయన 1980లో పోయేదాకా జోడు వదల్లేదు. విచిత్రమేమిటంటే జీవితాంతం ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకున్నారట! ఇద్దరికీ ఒకటే సమాధి.

1945 అక్టోబరులో సార్త్రే ఒక ఉపన్యాసంలో తన విద్యార్థి సంగతి చెప్పాడు. యుద్ధం రోజులు. అన్న జర్మన్ల దాడిలో పోయాడు. తండ్రికీ తల్లికీ పడదు. తల్లికి ఈ పిల్లాడొక్కడే దిక్కు. ఇంగ్లండు వెళ్ళి సైన్యంలో చేరాలా, అమ్మ దగ్గరుండాలా? గురువుగారి దగ్గరికొచ్చాడు. గురువుగారు ఏమన్నాడూ? నువ్వు స్వేచ్ఛాజీవివి, నువ్వే తేల్చుకో అన్నాడు. అంటే మావారి ‘నీ ఇష్టమే’, కాకపోతే ఫ్రెంచిలో!

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ తర్వాతి ముక్క విన్నాక నోరు పడిపోయింది. సలహాకి ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఎంచుకున్నప్పుడే మనం ఏం చేయాలనుకుంటున్నామో సగం తేలిపోతుందట. నిజం చెప్పండి, అంతేగా? నాకు ఆపరేషన్ వద్దనిపించిన రోజు మా చెల్లెలికి ఫోన్ చేస్తాను. దానికి సూదంటేనే చచ్చేంత భయం. “వద్దే అక్కా, కత్తి పెట్టించుకోకు” అంటుంది. చేయించుకోవాలనిపించిన రోజు మా ఆడపడుచుకి చేస్తాను. ఆవిడ రెండు మోకాళ్ళూ మార్పించుకుని తిరుమల నడిచి ఎక్కి వచ్చింది. ఇద్దరినీ అడిగానని చెప్పుకుంటానే గానీ, నిజానికి అడిగింది నన్ను నేనే.

ఇంక “నా రాత ఇలా ఉంది”, “మా పిల్లలు ఒప్పుకోరు” అనేవి ఉన్నాయి చూశారూ, అలాంటివాటిని సార్త్రే ఆత్మవంచన కింద లెక్కేశాడట. రాతలో ఉందని మనం నుదురు చూపిస్తాం, అక్కడ రాసింది ఎవరు చదివారు? ఈ బాధ ఫ్రాన్సు వాళ్ళకేనా, మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుని చూడండి, ఆలోచించీ ఆలోచించీ బతుకే పాడుచేసుకున్నాడు. నవీన్ 1969లో ‘అంపశయ్య’ అని ఉస్మానియా విద్యార్థి ఒక్కరోజు తలలో తిరిగిందంతా రాస్తే, ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరై కూర్చుంది.

అదీ సంగతి. గోరుచిక్కుళ్ళు కూడా అయిపోయాయి.

నిన్న మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ కాగితం ముందు పెట్టారు. కింద మూల ‘రోగి సంతకం’ అని చిన్న గీత. బాగవుతుందో లేదో ఆ గీతకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. పెన్ను పట్టుకున్నాక నుయ్యి గట్టు దగ్గర అయినట్టే ఒళ్ళు ఝల్లుమంది. అయినా పెట్టేశాను. పక్కన సాక్షి సంతకం మావారు పెట్టారు. ఆయనకి ఆ ఉద్యోగమే బాగా నప్పుతుంది. వచ్చే సోమవారం ఆపరేషన్.

తిరిగొచ్చాక కూడా కొన్ని రోజులు నేను ఈ గోడ దాకా రాలేను. మా గేటు గడియ వెయ్యం. కరివేపాకు కావాలంటే వచ్చి కోసుకోండి, రెమ్మ విరవకుండా కొయ్యండేం. పనిలో పనిగా మావారిని ఏం కూర వండమంటారో అడిగి, “మీ ఇష్టం” అంటే మాత్రం అక్కణ్ణించి కదలకండి.