తొలి మూడు నిమిషాల ఆయాసం

నడక మొదలుపెట్టగానే వచ్చే ఆయాసాన్ని మన ఇళ్ళలోని పెద్దలు అశక్తతగా భావిస్తారు. మేము అలా భావించడం లేదు. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ కొన్ని సెకన్లలోనే ఖర్చవుతుంది. క్రియాటిన్ ఫాస్ఫేటు, ఆక్సిజన్ అక్కరలేని గ్లూకోజు విచ్ఛిత్తి అప్పటికి ఆదుకొంటాయి. గుండె, ఊపిరితిత్తులు వేగం పుంజుకొని కావలసినంత ఆక్సిజన్ అందించడానికి ఆరోగ్యవంతులకైనా రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆగిన తరువాత రొప్పుతూ ఆ లోటు తీర్చుకోవడాన్ని 1920లలో ఏ.వి.హిల్ ‘ఆక్సిజన్ అప్పు’ అన్నాడు. మితమైన నడకలో ఆ గడువు దాటితే రాబడి, వ్యయం సరిపోతాయి.

ఆత్మకూరు నుండి ఉదయగిరి వెళ్ళినప్పుడల్లా మేము దుర్గం మీది మసీదు చూడబోతాము. అక్కడ ఉంటున్న మా ఖాలాజాన్ తొలి మలుపులోనే “నావల్ల కాదు బేటా” అని రాతిమీద కూర్చొనేవారు. పగలంతా కూర్చొని చెక్క గరిటెలు చెక్కే మనిషి, పైగా మధుమేహం. ఆ వ్యాధి ఉన్నవారికి ఆక్సిజన్ అందడం మరింత ఆలస్యమవుతుంది. వైద్యుని అనుమతితో ఆమెను కొండ మాని చదునుబాట పట్టించాము. ఫజర్ నమాజు తరువాత, తొలి నిమిషాలు మరీ నెమ్మదిగా. ఇప్పుడు దారి పొడవునా కోడలి మీద ఫిర్యాదులు చెబుతూనే ఇరవై నిమిషాలు నడుస్తున్నారు. మాట్లాడగలుగుతూ, పాడలేకపోతే అదే మితమైన వేగం.

పనిచేసే కండరం ఇన్సులిన్ తోడ్పాటు లేకుండానే రక్తంలోని గ్లూకోజును గ్రహించగలదు. అందుచేత ఇన్సులిన్ తీసుకొనేవారికి చక్కెర మరీ పడిపోయే ప్రమాదముంది, ముందుగా పరీక్షించుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి వైద్యుని చూడవలసిందే.