137 మెట్ల సంగీతశాల

బాలలూ! ఈ నెల మనం అమెరికా దేశంలోని న్యూయార్కు నగరానికి పోదాం. అక్కడ 57వ వీధీ, ఏడవ ఎవెన్యూ కలిసేచోట ఎర్రని ఇటుకలతో కట్టిన పెద్ద భవనం ఉన్నది. అదే కార్నెగీ హాలు. ఉక్కు వ్యాపారంలో అంతులేని ధనం గడించిన ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో దాన్ని కట్టారు. 1891లో ప్రారంభోత్సవానికి రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చాడు.

అందులోని పెద్ద సభలో దాదాపు 2,800 మంది కూర్చోవచ్చు. వేదిక మీద వయొలిన్ వాయిస్తే, మైకు లేకుండానే పై అంతస్తుదాకా వినిపిస్తుంది. కాని ఆ పై అంతస్తు చేరాలంటే 137 మెట్లు ఎక్కాలి! లిఫ్టు దాని కింది అంతస్తులకే పోతుంది. పాట సులువుగా చేరేచోటికి చక్రాల కుర్చీ చేరలేదన్నమాట.

శ్రోతల సంగతి సరే, కళాకారుల మాట ఏమిటి? ఇట్జాక్ పెర్ల్‌మన్ గొప్ప వయొలిన్ విద్వాంసుడు. 1945లో టెల్ అవీవ్ నగరంలో పుట్టాడు. నాలుగో ఏట పోలియో సోకి కాళ్ళు దెబ్బతిన్నాయి. చంకకర్రల సాయంతో నడిచేవాడు. పాశ్చాత్య సంగీతంలో వయొలిన్ విద్వాంసులు సాధారణంగా నిలబడి వాయిస్తారు. ఆయన కూర్చుని వాయిస్తాడు. 1963లో ఈ కార్నెగీ హాలులోనే కచేరీ చేశాడు. చేతిలో ఎంత విద్య ఉన్నా, మెట్లు తప్ప వేరే దారి లేని వేదిక ఇటువంటివారికి మూసిన తలుపే కదా!

1986లో ఈ హాలును బాగుచేసినప్పుడు, వీధికన్న ఎత్తుగా ఉండిన ముందు సావడిని వీధి మట్టానికి దించారు. 1990లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త సభాశాలల్లో సీట్లకేగాక వేదికకు కూడా మెట్లు లేని దారి ఉండాలి. చక్రాల కుర్చీ నిలిపే స్థలం పక్కనే తోడు వచ్చినవారికీ సీటు ఉండాలి. వినికిడి తగ్గినవారికి పాట చెవి దగ్గరే వినిపించే పరికరాలు ఇవ్వాలి.

వాలుదారికీ ఒక లెక్క ఉన్నది. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు కావాలి. అంతకన్న నిటారుగా ఉంటే కుర్చీ తోసేవారికి కష్టం, దిగేటప్పుడు ప్రమాదం. మీ బడిలో వేదిక మూడడుగుల ఎత్తున్నదనుకోండి. దారి ఎంత పొడవుండాలి? 36 అడుగులు! మధ్యలో ఆగటానికి చదునైన చోటు కూడా కావాలి.

ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు మీరే చూడండి. వాకిలి నుంచి వేదికదాకా ఎన్ని మెట్లున్నాయి? వాటి పక్కన మరో దారి ఉన్నదా?