ఎండ జరిగింది బిడ్డా

చలికాలంలో మా అవ్వకు గడియారంతో పని ఉండేది కాదు. నారాయణఖేడ్‌లో (మాకది ఉత్త ఖేడే) పొద్దు ఎదురింటి గోడ దాటి మా అరుగు మీద పడగానే గొంగడి కప్పుకుని వచ్చి కూర్చునేది. చేటలో కందులు చెరుగుతూ, దారిన పోయేవాళ్లను ఆపి తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి, మరాఠీలోకి, ఉర్దూలోకి దొర్లిపోయేది. బీదర్ పక్కనే ఉన్న ఊరు మరి. అరగంటకోసారి కేక: "ఎండ జరిగింది బిడ్డా, కుర్చీ జరుపు." నాకు మహా విసుగు.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాక ఆ కేక ఆగింది. పగలంతా కునుకు. రాత్రి రెండింటికి లేచి, "ఇంకా తెల్లారలేదా బిడ్డా?" మతి తప్పుతోందేమోనని భయపడ్డాను. కరువైంది వెలుతురని తర్వాత అర్థమైంది.

గదిలో ట్యూబులైటు ఉందిగా అనుకుంటాం. కన్ను సర్దుకుపోయి మనల్ని మోసం చేస్తుంది. ఆ వెలుతురు కొలిస్తే రెండు మూడు వందల లక్సులు. పగలు ఆరుబయట నీడలో కూడా వేలల్లో ఉంటుంది. చూడటానికి కాక, పగలో రేయో ఒంటికి చెప్పడానికి కంటిలో వేరే కణాలున్నాయని 2002లో తేలింది. వాటికి కావలసింది ముఖ్యంగా నీలి కాంతి. ముసలితనంలో కంటి కటకం పసుపెక్కి దాన్నే అడ్డుకుంటుంది. అంటే పెద్దవాళ్లకు మనకంటే ఎక్కువ వెలుతురు కావాలి. మనమేమో వాళ్లకు లోపలి గది ఇస్తాం, చల్లగా ఉంటుందని.

నెదర్లాండ్స్‌లో వృద్ధుల సంరక్షణ గృహాల్లో పగటిపూట వెయ్యి లక్సుల దీపాలు వెలిగించి చూశారు. దిగులు కొంత తగ్గింది, మతిమరుపు ముదరడం కాస్త నెమ్మదించింది. 2008 నాటి ఆ ఫలితాలు చదివి నవ్వుకున్నాను, మా అరుగుకు కరెంటు బిల్లు లేదని.

విటమిన్ డి సంగతి వేరు. పొద్దుటి నీరెండలో అది పెద్దగా రాదు, పొద్దు పైకెక్కాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే రానే రాదు. అలాగని ఖేడ్ మే నెల ఎండలో కూర్చోబెడితే మనిషి మిగలదు. అప్పుడు వేపచెట్టు నీడే చాలు.

అవ్వను మళ్లీ ఊరికి చేర్చాం. అరుగు లేదిప్పుడు, తమ్ముడు దాన్ని తవ్వించి కారుకు చోటు చేశాడు. ఆ కారు పక్కనే ప్లాస్టిక్ కుర్చీ. మొన్న ఫోన్‌లో వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది:

"ఎండ జరిగింది బిడ్డా, కారు జరుపు."