ఒక ఇంగ్లీషు మాట - మా హాస్టల్ నల్లా

జూనియర్ తమ్ముళ్లకు గుర్తుండే ఉంటుంది, మన హాస్టల్ వెనక స్నానాల గది నల్లా రెండేళ్లు సైకిల్ ట్యూబు ముక్కతోనే నడిచింది. ఆ ముక్క చుట్టింది మేమే. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నామన్న గర్వంతో దానికి 'జెర్రీ-రిగ్డ్ నల్లా' అని పేరు కూడా పెట్టాం. నాసిరకంగా చేసిన రిపేరు అని అర్థం. ఒకరోజు క్లాసులో ఆ మాట వాడితే, అది ఎక్కడ పుట్టిందో చెప్పమన్నారు సారు. మా గది నలుగురమూ లేచి నిలబడ్డాం గానీ నోరు పెగల్లేదు. ఇంటికెళ్లి అడుగుదామంటే, మా ఇళ్లల్లో డిగ్రీ చూసిన మొదటివాళ్లం మేమే. ఆ సాయంత్రం లైబ్రరీలో డిక్షనరీలు ముందేసుకుని కూచున్నాం.

తీరా చూస్తే అది రెండు మాటలు కలగలిసి పుట్టిన మాట. మొదటిది 'జ్యూరీ-రిగ్డ్'. కోర్టులో కూచునే జ్యూరీకి దీనితో సంబంధం లేదు. నడి సముద్రంలో ఓడ తెరచాప కొయ్య విరిగితే, నావికులు చేతికందిన దుంగలు, తాళ్లతో ఇంకో కొయ్య నిలబెట్టుకుని ఒడ్డుకు చేరేవారు. ఆ కొయ్యే 'జ్యూరీ మాస్ట్'. 1600ల తొలినాళ్ల రాతల్లోనే ఈ మాట ఉంది. సాయం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చి ఉండొచ్చంటారు. ఇందులో తిట్టు ఎక్కడా లేదు!

రెండోది 'జెర్రీ-బిల్ట్'. ఇది తిట్టే. డబ్బు మిగుల్చుకోవడానికి చవక సామానుతో కట్టిన ఇల్లు. 1869 నాటికే ఇంగ్లండులో వాడారు. జర్మన్ సైనికుల్ని 'జెర్రీ' అనడం మొదటి ప్రపంచయుద్ధం (1914-18) నాటిది గనుక వాళ్ల పేరు మీద వచ్చిందనడం కుదరదు. (నీళ్లు మోసే జెర్రీక్యాన్ మాత్రం వాళ్లదే.) లివర్‌పూల్ మేస్త్రీల పేరనీ, బైబిల్లో కూలిన జెరికో గోడలనీ కథలున్నాయి, రుజువుల్లేవు. ఈ రెండు మాటలూ 20వ శతాబ్దంలో కలిసి 'జెర్రీ-రిగ్డ్' అయ్యాయి.

మాలో ఒకరి నాయన సెంట్రింగ్ పనికి పోతాడు. కిందటి వానాకాలం మమ్మల్ని చూడ్డానికొచ్చినప్పుడు మా గది స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడి ఉంది. ఆయన దాన్ని తీసి అరచేతిలో నలిపాడు. పిండిలా రాలింది. "గిది రిపేరుతోని పోయేది కాదు బిడ్డా, కట్టిననాడే ఇసుక ఎక్కువేసిండ్రు" అన్నాడు. డిక్షనరీ చూడకుండానే!

అప్పట్నుంచి స్లాబును జెర్రీ అనీ, నల్లాను జ్యూరీ అనీ పిలుస్తున్నాం. ఈమధ్య కొత్త నల్లా బిగించారు. పాత ట్యూబు ముక్క పారెయ్యబుద్ధి కాక, గాలికి కొట్టుకునే మా కిటికీ రెక్కకు కట్టాం.