శ్రీశైలం వదిలితే మాకు పోటు

తెల్లవారుజామున అయిదున్నర. ముఖాలు ఇంకా సరిగ్గా కనపడని చీకట్లో పడవాయన ఒడ్డు వెంబడి వంగి వెతికి, గుప్పిట్లో పట్టే గులకరాయి ఒకటి ఏరాడు. నీళ్ళు బురదను తాకేచోట దాన్ని పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"అదేందే?" అని మా బావ నన్ను గిల్లాడు.

ఆయనకు వినపడింది. "మా గడియారం బాబూ" అన్నాడు.

ఊరి పేరు వైజాగ్ కాలనీ. విశాఖపట్నంలో కాదు, నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున ఉంటుంది. సాగర్ నిండాక చేపల వేట కోసం విశాఖ దిక్కు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన జాలరి కుటుంబాల ఊరు ఇది. మా పాలమూరు జనం తట్టా పారా పట్టుకుని ఊరూరా డ్యాములు కట్టడానికి పోయారు. మా తాత కూడా ఈ సాగర్ డ్యాం కోసం నందికొండ దగ్గర మట్టి మోసినవాడే. కట్టినవాళ్ళు కూలి డబ్బులతో ఇళ్ళకు తిరిగొచ్చారు. నీళ్ళ మీద బతకడం తెలిసినవాళ్ళు సముద్రపు ఒడ్డు వదిలి ఇక్కడికొచ్చారు. ఈ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ వింతగానే ఉంటుంది.

నిజానికి బావ మనసంతా కోరంగి మడ అడవుల మీద ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, కాకినాడ పోయి పడవ మాట్లాడుకుని ఉప్పుటేరుల్లో పండుగొప్ప పట్టాలని ఆర్నెల్లుగా కలవరిస్తున్నాడు. రాడ్డు కొన్నాడు, రీలు కొన్నాడు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు డబ్బాడు కొన్నాడు. అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఉంది పద అని నేనే కల్వకుర్తి నుంచి డిండి, దేవరకొండ మీదుగా లాక్కొచ్చాను. దారి పొడవునా తండాలు, కంది చేలు, ఎండిన బోర్లు. కృష్ణ ఇంత దగ్గర పారుతున్నా సాగర్ ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోతాయిగానీ దేవరకొండ గుట్టల మీదికి ఎక్కవు. ఎక్కాలంటే కరెంటు పెట్టి ఎత్తిపోయాలి. పుట్టంగండి దగ్గర అట్లా ఎత్తిన నీళ్ళే అక్కంపల్లి చేరి, అక్కడి నుంచి హైదరాబాద్ నల్లాల్లోకి పోతున్నాయి. అక్కడ బావ ఇంట్లో తాగేది కూడా ఇవే. ఆ సంగతి చెబితే కారు అద్దం దించి, ఎండిన చెరువు శిఖం వైపు కాసేపు చూశాడు.

పడవ కదిలింది. ఇంజిన్ మోత గుట్టలకు తగిలి తిరిగొస్తోంది. లైఫ్ జాకెట్లు తొడుక్కునేదాకా ఆయన తాడు విప్పలేదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. మా దిక్కువాళ్ళకు పడవలో కాలు పెట్టగానే ఆ మాట గుర్తొస్తుంది. ఒకచోట ఆయన ఇంజిన్ తగ్గించి, "అదిగో, ఏలేశ్వరం గట్టు" అని చూపించాడు. ఏలేశ్వరం ఊరు నీటి అడుగున ఉంది. మునగకముందు పురావస్తు శాఖవాళ్ళు తవ్వకాలు జరిపి, చేతికందినంత చరిత్ర బయటికి తీశారు. శివరాత్రికి జనం పడవల్లో గట్టుకు పోతారు. మిగతా రోజుల్లో అక్కడ నీరుకాకులదే రాజ్యం.

ఒక వాగు నోటి దగ్గర ఇంజిన్ ఆపేసి, తెడ్డుతో మెల్లగా లోపలికి తీసుకుపోయాడు. రెండు గుట్టల మధ్య ఇరుకు మడుగు. మునిగిపోయిన చెట్ల మోళ్ళు నీళ్ళలోంచి వేళ్ళలాగా నిలబడ్డాయి. బావ ఆత్రంగా రాడ్డు తీసి, ఎర్ర ప్లాస్టిక్ చేపను గిరగిర తిప్పి విసిరాడు. మొదటి విసురుకే పట్టింది. రాడ్డు వంగింది, బావ కేక పెట్టాడు. పది నిమిషాల పెనుగులాట తర్వాత తేలిందేమంటే, పట్టింది తుమ్మ మోడు. తంగూసు తెంపక తప్పలేదు. ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను.

"ఇక్కడ ముందు నీటిని సూడాలి బాబూ, తర్వాత సేపని" అన్నాడు. ఆయన పుట్టింది ఈ ఒడ్డునే, అత్తవారిది మాత్రం భీమిలి. యాస ఇంకా అక్కడిదే. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు ఆ వైపు వేటకు పోయాడట. అక్కడ నేర్చిన సంగతి చెప్పాడు. పోటు మీద నీళ్ళు ఉప్పుటేరుల్లోకి ఎక్కుతాయి, వాటితోపాటు రొయ్యపిల్లలూ చిన్న చేపలూ మడ చెట్ల వేళ్ళలోకి పోతాయి. పాటు మొదలై నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు అవన్నీ పాయ నోటిగుండానే బయటికి రావాలి. పండుగొప్ప ఆ నోటి దగ్గరే కాచుకుంటుంది. వెంటపడి అలసిపోదు, నీళ్ళే తిండి తెచ్చిపెడతాయి. జాలరి కూడా అక్కడే గాలం వేస్తాడు.

"ఇక్కడ పోటూ పాటూ ఎక్కడివి? ఇది చెరువులాంటిదే కదా" అన్నాడు బావ.

"ఎందుకు లేవు? సంద్రంలో అయితే సెందురుడు తిప్పుతాడు. ఇక్కడ శ్రీశైలం కరెంటోల్లు తిప్పుతారు."

నేను ఆ రోజంతా ఈ మాటనే నములుతూ కూర్చున్నాను. పైన శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి, అవి తిరిగితే నీళ్ళు సాగర్‌లోకి దిగుతాయి. కుడి గట్టు కేంద్రం దాని ఎదుట ఉంది. ఎడమ గట్టు యంత్రాలను వెనక్కి తిప్పి నీటిని పైకి ఎత్తే వీలు కూడా ఉంది. కింద సాగర్ కుడి, ఎడమ కాలువలు తాగుతుంటాయి, ప్రధాన విద్యుత్ కేంద్రం తాగుతుంటుంది. పైనుంచి వచ్చేది ఎక్కువైతే మట్టం పెరుగుతుంది, కిందికి పోయేది ఎక్కువైతే తగ్గుతుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. అంత నిండుగా ఉన్నప్పుడు ఒక్క అడుగు కదలాలంటే దగ్గర దగ్గర మూడు టీఎంసీలు కావాలి, అంటే ఒక పగలూ రాత్రీ 35 వేల క్యూసెక్కులు పారాలి. పేపర్లో రోజూ ఒక మూలన పడే ఆ మట్టాల పట్టికను రైతు ఒక రకంగా చదువుతాడు, ఇంజినీరు ఇంకో రకంగా. ఈయన చదివేది మూడో రకం. నీళ్ళు ఎక్కుతుంటే చేప ఒడ్డుకొస్తుంది, కొత్తగా మునిగిన గడ్డిలో పురుగూ పుట్రా దొరుకుతాయి గనక. దిగుతుంటే మడుగుల్లోంచి నోటి దగ్గరికి, లోతుకు జరుగుతుంది. చంద్రుడికి పంచాంగం ఉంది. కరెంటు అవసరానికి లేదు. అందుకే గులకరాయి.

ఆ పూట నీళ్ళు దిగుతున్నాయని ఆయన అంచనా. మోళ్ళ మీది తడి చార చూపించాడు. నీటికి పైన వేలెడు మేర నల్లగా, ఇంకా ఆరకుండా ఉంది. పడవను వెనక్కి తిప్పి వాగు నోట్లో రాయి లంగరు దింపాడు. బావ ప్లాస్టిక్ డబ్బా మూత పడింది. ఒక కొబ్బరి చిప్పలో వానపాములు, ఇంకో చిప్పలో తవుడూ పల్లిచెక్కా కలిపిన ముద్ద బయటికొచ్చాయి. వానపాము అడుగుకు దింపితే జెల్ల, తవుడు ముద్ద నడిమి నీళ్ళలో ఆడిస్తే రవ్వ. బొచ్చె మాత్రం పై నీళ్ళలో తిరిగే చేప, గాలానికి అంత తొందరగా రాదు. వాలుగ పగలు పడదు, పడితే ఈ తంగూసు చాలదు. కొర్రమీను సంగతి అడిగాను. మన రాష్ట్ర చేప కదా అని కాస్త గర్వంగానే అడిగాను. "అది సెరువు సేప బాబూ, నాచుల్లో ఉంటాది. ఇంత లోతులో దానికేం పని?" అనేశాడు.

గంటలో ఏడు జెల్లలు పడ్డాయి. జెల్లను విప్పడం ఒక విద్య. వీపు మీద ఒక ముల్లు, పక్కలకు రెండు, మూడూ లేపి నిలబెడుతుంది. బావ నేర్చుకోబోయి బొటనవేలు చీరుకున్నాడు. ఆయన బీడీ ఆపి, పసుపు పొట్లం తీసి అద్దాడు. పసుపు ఆయన పడవలో ఇంజిన్ నూనె పక్కనే ఉంటుంది.

తొమ్మిదింటికి బెండు ఒక్కసారిగా మాయమైంది. ఈసారి తుమ్మ మోడు కాదు. బావ చేతిలో రీలు కుయ్యిమంది. "లాగకు, లాగకు, పోనియ్యి" అని ఆయన, "పట్టు బావా" అని నేను. చివరికి పడవ పక్కన వెండిలా మెరిసింది, రెండు కిలోల రవ్వ. ఆ తర్వాత అరచేతంత రవ్వపిల్ల ఒకటి పడితే బావ దాన్ని కూడా సంచిలో వేయబోయాడు. ఆయన మాట్లాడకుండా అందుకుని, నీళ్ళలో రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి వదిలాడు.

అప్పుడే ఆయనకు కోపం వచ్చింది. మా మీద కాదు, అలివి వలల మీద. దోమతెరలాంటి సన్న కన్ను వల. గట్టు నుంచి గట్టుకు చుట్టి లాగితే చీమంత పిల్ల కూడా మిగలదు. నిషేధం ఉంది, అయినా రాత్రుళ్ళు పడుతూనే ఉంటాయి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది, అవి పెరగకముందే ఎండుచేపలై లారీలెక్కుతున్నాయని ఆయన బాధ. "అలివోడికి రేపు లేదు బాబూ. మాకుంది" అన్నాడు. నాకు ఇందులో సందేహం లేదు. చెరువుల మీద బతికే మా ఊరి ముదిరాజులు కూడా ఇదే మాటంటారు, ఇంతకంటే గట్టిగా.

పదకొండింటికి ఒడ్డుకొచ్చాం. దిగగానే ఆయన చూపు రాయి మీద పడింది. నీటి అంచుకూ రాయికీ మధ్య జానెడు తడి బురద తేలింది. అంచనా తప్పలేదు. బావ వంగి, ఆ బురద మీద అరచెయ్యి పరిచి కొలిచాడు.

వాళ్ళావిడ రవ్వను ముక్కలు కోసి, సగం కారం పట్టించి వేయించింది, సగం చింతపండు పులుసు పెట్టింది. పులుసులో ఆవపొడి వేసింది. మా ఇళ్ళలో చేపకు ఆవపొడి వేయం. ఈసారి మా ఆవిడతో వేయించాలి, ఒప్పుకుంటే.

బయల్దేరుతుంటే ఆయన కారు కిటికీ దగ్గరకొచ్చాడు. "ఇక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు. దేవరకొండ పోయాక శ్రీశైలంలో ఎంత వదులుతున్నారో సూసి ఒక ఫోన్ కొట్టండి. రేపు ఏ మడుగుకు పోవాలో తెలుస్తాది."

దేవరకొండ బస్టాండు దగ్గర ఫోన్‌లో గీతలు వచ్చాయి. బావ మట్టాలు వెతికి చదివాడు. శ్రీశైలంలో రెండు గట్ల మీదా యంత్రాలు తిరుగుతున్నాయి, సాగర్‌కు వరద పెరిగింది. అంటే రాత్రికి పోటు. రేపు చేప ఒడ్డుకొస్తుంది. ఆయన నెంబరు మూడుసార్లు కొట్టాం. పరిధిలో లేదు, పరిధిలో లేదు, పరిధిలో లేదు.

"మళ్ళా రాయి పెట్టే ఉంటాడు తియ్యి" అన్నాడు బావ, పసుపు అంటిన బొటనవేలుతో ఫోన్ జేబులో పెట్టుకుంటూ.